ఒకే పాఠము, మరియొక ద్వారము: సాధారణ తరగతిలో వికలాంగ విద్యార్థి, బోధనా పద్ధతులు, సంఘ బాధ్యత

మన ఊళ్లలోని బడుల హాజరు పట్టీలలో వికలాంగులైన పిల్లల పేర్లు ఇప్పుడు కనబడుతున్నాయి. మా తరము వారు చదువుకున్న రోజులలో ఇట్టి పిల్లలు ఇంటి వసారాలోనో, దూరపు హాస్టలులోనో ఉండేవారు. తరగతిలో మా పక్కన ఉండుట బహు అరుదు. కనుక మార్పు వచ్చిన మాట నిజమే. అయితే పట్టీలో పేరు ఉండుట ఒకటి, పాఠములో పాలు ఉండుట మరియొకటి. వెనుక వరుసలో కూర్చుండి, పలక మీద బొమ్మ గీసుకొని, మధ్యాహ్న భోజనము తిని ఇంటికి వెళ్లే బిడ్డ బడిలో చేరినట్టే గాని తరగతిలో చేరినట్టు కాదు. ఆ బిడ్డను పాఠములోనికి తీసుకొని వచ్చే బోధనా పద్ధతులు ఏవి, వాటితో దైవజనులకు పని ఏమి అను రెండు ప్రశ్నలు ఈ వ్యాసములో పరిశీలిస్తున్నాము.

వేదాంత పత్రికలో బడి పంతుళ్ల విషయము ఎందుకని కొందరు చదువరులకు తోచవచ్చును. మనలో కొందరు మిషను పాఠశాలలకు కరస్పాండెంట్లుగా ఉన్నారు. బడి లేని కాపరికి కూడ సండే స్కూలు ఉన్నది, వేసవిలో వి.బి.ఎస్. ఉన్నది, కన్ఫర్మేషన్ తరగతి ఉన్నది. ఇవన్నియు సాధారణ తరగతులే. ఇంకొక సంగతి. ఏ ఇంటిలో ఏ బిడ్డ తలుపు చాటున పెరుగుతున్నదో మండల విద్యాధికారికంటె ముందుగా ఇంటింటికి ప్రార్థనకు వెళ్లే కాపరికే తెలుస్తుంది.

మా తప్పుతోనే మొదలు పెట్టుట మంచిది. సుమారు పదునైదు సంవత్సరముల క్రితము నిడదవోలుకు సమీపమున కాలువగట్టు మీది ఒక చిన్న సంఘములో మేము పరిచర్య చేస్తుండగా, పుట్టుకతో వినికిడి లేని ఒక పాప తల్లితో కూడ ప్రతి ఆదివారము వచ్చేది. సండే స్కూలులో ఆమెకు రంగు పెన్సిళ్లు ఇచ్చి ఒక మూల కూర్చుండబెట్టేవారు. పండ్రెండేండ్లు నిండినప్పుడు తండ్రి వచ్చి, అమ్మాయిని కన్ఫర్మేషన్ తరగతిలో చేర్చుకోమని అడిగినాడు. ప్రశ్నోత్తరములు కంఠస్థము చేసి సంఘము ఎదుట నిలిచి చెప్పవలెను గదా, ఈమె ఎట్లు చెప్పగలదు? "ప్రార్థన చేద్దాము నాయనా, దేవుడు మేలు చేస్తాడు" అని చెప్పి ప్రార్థించి పంపివేసినాము. ఆ దినమున మేము చేసినది పరిచర్య అనియే అనుకున్నాము.

ప్రత్యేక బడి నుండి సాధారణ తరగతికి

వికలాంగులకు విద్య అను తలంపు మన దేశములో వేళ్లూనుటలో మిషనరీల పాలు గొప్పది. ఆనీ షార్ప్ అను మిషనరీ 1887లో అమృతసర్‌లో అంధులకు స్థాపించిన పాఠశాల దేశములో మొదటిదిగా చెప్పబడుతున్నది. 1903లో అది డెహ్రాడూన్‌కు మారినది. దక్షిణమున పాలయంకోట్టైలో అంధులకును, బధిరులకును బడులు 19వ శతాబ్దము ముగియక మునుపే మిషనరీల చేతుల మీదుగా వెలసినవి. భిక్షాటన తప్ప మరొక దారి లేదనుకున్న పిల్లలు అక్కడ అక్షరము నేర్చినారు, చేతిపని నేర్చినారు. ఆ సేవను తక్కువ చేయుట కృతఘ్నత అవుతుంది.

అయినను అవి ప్రత్యేకమైన బడులు. డెల్టా గ్రామములోని బిడ్డ అక్షరము కొరకు తల్లిని, ఊరిని, ఊరి సంఘమును విడిచి వెళ్లవలసి వచ్చేది. వెళ్లలేని బిడ్డకు ఏమియు లేదు. 1974లో కేంద్ర ప్రభుత్వము వికలాంగ బాలల సమైక్య విద్యా పథకము ప్రారంభించి సాధారణ బడి తలుపు కొంచెము తెరచినది. 1994లో స్పెయిన్ దేశములోని సలమాంకాలో యునెస్కో ఆధ్వర్యమున జరిగిన సభ, సాధారణ పాఠశాలయే పిల్లలందరిని చేర్చుకొనునట్లు మారవలెనని ప్రకటించినది. తరువాత మన దేశములో 1995 నాటి వికలాంగుల చట్టము, 2009 నాటి విద్యాహక్కు చట్టము వచ్చినవి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము అంతకు ముందున్న ఏడు రకముల వైకల్యములను ఇరువది ఒకటికి పెంచి, నలువది శాతము లేక అంతకు మించిన వైకల్యము గల 6 నుండి 18 ఏండ్ల పిల్లలకు ఇంటి దగ్గరి బడిలో గాని, కోరుకున్న ప్రత్యేక బడిలో గాని ఉచిత విద్యను హక్కుగా నిర్ణయించినది. చదువుటలో, వ్రాయుటలో పిల్లలకు ఎదురయ్యే అభ్యసన వైకల్యము కూడ ఆ జాబితాలో చేరినది. సదరము సర్టిఫికెట్టు అంటే పింఛను కాగితము అనియే మన సంఘస్థులు అనుకుంటారు. చదువులో సదుపాయములకు కూడ ఆ కాగితమే ఆధారమని కాపరి చెప్పవలసి ఉన్నది.

ఈ విధానమునకు మన రాష్ట్రములో సహిత విద్య అని పేరు. మండల స్థాయిలో భవిత కేంద్రాలు, వాటిలో ఈ పనికి శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ఉన్నారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో నిడదవోలు పశ్చిమ గోదావరి నుండి తూర్పు గోదావరిలోనికి మారినది గనుక కాగితములు ఏ జిల్లా కార్యాలయమునకు పంపవలెనో తల్లిదండ్రులకు చెప్పుట కూడ ఒక సహాయమే.

అడ్డము వేసినవాడు ఎవడు?

లేవీయకాండము 19:14లో రెండు నిషేధములు ఉన్నాయి. చెవిటివానిని శపించుట మొదటిది, గ్రుడ్డివాని దారిలో అడ్డము పెట్టుట రెండవది. ఆ రెండింటి వెంటనే దేవునికి భయపడవలెనను ఆజ్ఞ వచ్చుచున్నది. ఈ వాక్యమును మనము సాధారణముగా క్రూరులకు, వెక్కిరించువారికి చెబుతాము. కాని అడ్డము తెలిసియే వేయనక్కరలేదు. నల్లబల్ల వైపు తిరిగి పాఠము చెప్పే ఉపాధ్యాయుడు వినికిడి లేని బిడ్డ ఎదుట అడ్డము వేసినాడు. "ఇదిగో ఇక్కడ చూడండి, దీనిని అక్కడికి కలిపితే" అని లెక్క చెప్పినవాడు చూపు లేని బిడ్డ ఎదుట అడ్డము వేసినాడు. కంఠస్థము తప్ప వేరే పరీక్ష ఎరుగని కాపరి అడ్డము సంగతి పైన చెప్పియున్నాము.

మార్కు 7:31-37లో దెకపొలి ప్రాంతమున ప్రభువు వినికిడి లేని, మాట స్పష్టముగా రాని మనుష్యుని స్వస్థపరచిన వృత్తాంతము ఉన్నది. ప్రసంగములలో మనము నేరుగా అద్భుతమునకు పరుగెత్తుతాము. దానికి ముందు ఆయన చేసిన పనులను వరుసగా చూడవలెను. చెవులలో వ్రేళ్లు ఉంచినాడు, ఉమ్మివేసి నాలుక ముట్టినాడు, ఆకాశము వైపు కన్నులెత్తినాడు, నిట్టూర్పు విడిచినాడు. ఇవన్నియు కంటికి కనబడునవి, చర్మమునకు తెలియునవి. వినలేని మనుష్యునికి, నేను ఏమి చేయబోవుచున్నాను, ఎవని వలన చేయుచున్నాను అను సంగతిని ప్రభువు సైగలతో తెలియజేసినాడని మా అభిప్రాయము. ఒక్క మాటతో స్వస్థపరచ శక్తి గలవాడు ఆ మనుష్యునికి అర్థమయ్యే భాషలోనికి దిగివచ్చినాడు.

ఆయన అతనిని జనసమూహము నుండి ఏకాంతముగా తీసుకొని పోయినాడు గదా, ఇది ప్రత్యేక బడికి ఆధారము కాదా అని ఒక సెమినరీ విద్యార్థి మమ్మును అడిగినాడు. మంచి ప్రశ్న. ఏకాంతము కొద్దిసేపే. తరువాత అతడు ఆ జనుల మధ్యనే తేటగా మాట్లాడినాడు. భవిత కేంద్రములో కొన్ని గంటలు బ్రెయిలీ గాని, మాట సాధన గాని నేర్చుకొని తిరిగి తన ఈడు పిల్లల తరగతిలో కూర్చుండుటకు ఇది దగ్గరి పోలిక. ఏకాంతము తిరిగి వచ్చుట కొరకైతే అది బోధన; తిరిగి రానవసరము లేకుంటే అది వెలి.

వినికిడి లేని బిడ్డ

పాట, బాట, మాట. ఈ మూడు పదములను అద్దము ముందు నిలిచి గొంతు లేకుండ పలికి చూడండి. పెదవులు మూడుసార్లును ఒకే తీరున కదులుతాయి. ప, బ, మ మూడును పెదవుల అక్షరములే. వాటి భేదము గొంతులోను, ముక్కులోను ఉన్నది. క, గ వంటివి నోటి వెనుక పుట్టునవి గనుక అసలు కనబడనే కనబడవు. కాబట్టి పెదవులు చూచి అర్థము చేసుకుంటాడులే అనుట సగము ఊహ. ఉపాధ్యాయుడు చేయవలసినది ఖర్చు లేని పని: ముఖము పిల్లల వైపు ఉంచుట, వెలుగు తన వీపు మీద గాక ముఖము మీద పడునట్లు నిలుచుట, అరవకుండ మామూలు వేగముతో మాటలాడుట, పాఠములోని క్రొత్త పదములను ముందుగానే బల్ల మీద వ్రాయుట. వ్రాయునప్పుడు మాట ఆపవలెను. వ్రాసి, తిరిగి, అప్పుడు చెప్పవలెను. ఇంకొక విద్యార్థి జవాబు చెప్పుచున్నప్పుడు అతని వైపు చేయి చూపితే ఎవరు మాట్లాడుచున్నారో ఈ బిడ్డకు తెలుస్తుంది. వినికిడి యంత్రము ఉన్న బిడ్డకు కూడ ఇవన్నియు అవసరమే, ఎందుకనగా యంత్రము ఉపాధ్యాయుని గొంతుతో పాటు ఫ్యాను చప్పుడును, పక్క గది గోలను కూడ పెద్దది చేస్తుంది.

సైగభాషను గురించి మనలో ఒక చిన్నచూపు ఉన్నది, అది మాట రానివారి అభినయమని. అది తప్పు. దానికి తనదైన వ్యాకరణము ఉన్నది. 2015లో ఢిల్లీలో భారతీయ సైగభాషా పరిశోధన శిక్షణ కేంద్రము ఏర్పడినది. 2018లో వెలువడిన దాని నిఘంటువు 2021 నాటికి పదివేల పదములకు పెరిగినది. సెమినరీలలో గ్రీకు, హెబ్రీ నేర్పుతున్నాము. ఒక సెమిస్టరులో వంద సైగలు నేర్పుట మనకు భారము కాదని మేము తలంచుచున్నాము.

చూపు లేని, చూపు మందగించిన బిడ్డ

తెలుగు లిపి చూపు మందగించిన బిడ్డకు కఠినమైనది. ప, వ, మ, య, ద, ధ జంటలలో భేదము ఒక చిన్న గీత, ఒక చిన్న సున్న. ఒత్తులు అక్షరము క్రింద నలుసులవలె ఉంటాయి. అరిగిపోయిన, బూడిద రంగు తేలిన నల్లబల్ల మీద అవి ఆ బిడ్డకు కలిసిపోతాయి. బల్లకు నలుపు పూయుట, అక్షరము పెద్దదిగా వ్రాయుట, వ్రాసినదంతయు పైకి చదువుట, బిడ్డను కిటికీ మెరుపు కంటిలో పడని చోట కూర్చుండబెట్టుట ఇక్కడ మొదటి చికిత్స.

చూపు పూర్తిగా లేని బిడ్డకు బ్రెయిలీ. ఆరు చుక్కల ఈ లిపిని భారతీయ భాషలన్నిటికి ఒకే పద్ధతిలో అమర్చిన భారతీ బ్రెయిలీ 1951లో ఏర్పడినది. క అనుటకు తెలుగులోను హిందీలోను అవే రెండు చుక్కలు, ఒకటవది, మూడవది. పలకలో సూదితో గ్రుచ్చునప్పుడు కుడి నుండి ఎడమకు వ్రాసి, కాగితము త్రిప్పి ఎడమ నుండి కుడికి చదువుతారు. తరగతి ఉపాధ్యాయుడు బ్రెయిలీ చదువనక్కరలేదు. అది నేర్పే ఉపాధ్యాయునికి తన పాఠమును వారము ముందుగా అందజేస్తే చాలును. ఆలస్యముగా వచ్చిన పుస్తకమే చూపు లేని విద్యార్థికి ఎక్కువగా ఎదురయ్యే అడ్డము. పటములను దారముతో, కందిబద్దలతో అట్ట మీద అంటించి చేతికి తగిలేటట్లు చేయవచ్చును. గోదావరి ఎక్కడ చీలి వశిష్ఠ, గౌతమి పాయలుగా సముద్రములో కలుస్తుందో వ్రేలితో తడిమి తెలుసుకున్న బిడ్డ, దానిని పటములో చూచినవానికంటె గట్టిగా గుర్తుంచుకుంటుంది.

ఈ విషయములో తెలుగువారికి ఒక సాక్ష్యము ఉన్నది. మచిలీపట్నము దగ్గరి సీతారామపురములో రైతు కుటుంబములో చూపు లేకుండ పుట్టిన బొల్లా శ్రీకాంత్ ఊరి బడిలో వెనుక వరుసలో ఎవరును పట్టించుకొనని పిల్లవానిగా గడిపినట్లు తానే చెప్పియున్నాడు. తరువాత హైదరాబాదులో అంధుల పాఠశాలలో చదివి పదవ తరగతిలో తొంబది శాతమునకు మించి మార్కులు పొందినాడు. అయినను ఇంటర్మీడియట్‌లో సైన్సు తీసుకొనుటకు నిబంధనలు ఒప్పలేదు. పటములు, గ్రాఫులు చూడలేడు గదా అన్నారు. న్యాయస్థానమునకు వెళ్లి అనుమతి పొంది, పాఠ్యపుస్తకములను శబ్దరూపములో విని 98 శాతము సాధించినాడు. అటు తరువాత అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివి, 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించినాడు. ఆ బాలుని కన్నులు మారలేదు. మారినది పుస్తకము చేరిన దారి. ఇట్టివారిని అసాధారణ మేధావులని పొగడి ఊరకుంటాము గాని, మార్కులు తక్కువ వచ్చే బిడ్డకు కూడ అదే పుస్తకము అందవలెనన్నది అసలు న్యాయము.

నిదానముగా నేర్చుకొను బిడ్డ

బుద్ధి వికాసము మందగించిన బిడ్డకు పాఠమును చిన్న మెట్లుగా విడదీయవలెను. చొక్కా గుండీ పెట్టుట మనకు ఒక పని; ఆ బిడ్డకు అది అయిదారు పనులు. చివరి మెట్టు ముందుగా నేర్పుట ఒక ఉపాయము: గుండీని రంధ్రములో సగము దూర్చి ఇచ్చి, బయటికి లాగుట మాత్రము బిడ్డ చేత చేయిస్తే, ప్రతిసారి పని ముగించిన సంతోషము బిడ్డదే. లెక్కలకు చింతగింజలు, నాణెములు, కథకు వస్తువులు. తక్కిన తరగతి డెబ్బది ఎనిమిదిని అయిదుతో భాగిస్తుండగా ఈ బిడ్డ అయిదేసి గింజలను కుప్పలు పెట్టుచున్నది. పాఠము ఒకటే, లోతు వేరు.

అభ్యసన వైకల్యము ఉన్న బిడ్డ సంగతి కొంత వేరు. మాటలో చురుకు, చదువుటలో తడబాటు. మన ఊళ్లలో ఇట్టి పిల్లలకు సోమరి అని పేరు పెట్టి కొట్టినారు, మేమును కొట్టినాము. తెలుగు గుణింతములో ఒకే అక్షరము పండ్రెండు, పదమూడు రూపములు ధరిస్తుంది గనుక కన్ను మాత్రమే చాలదు. ఇసుకలో వ్రేలితో దిద్దించుట, దిద్దుచు పలికించుట మన వీధిబడుల పాత పద్ధతి. ఆండ్రూ బెల్ అను క్రైస్తవ బోధకుడు 1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమ పర్యవేక్షకుడై, వీధిబడి పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి దానిని తన బడిలో ప్రవేశపెట్టినాడు. తెలిసిన పిల్లవాడు తెలియని పిల్లవానికి నేర్పే ఏర్పాటును కూడ పెంపొందించి, 1797లో ఇంగ్లండులో పుస్తకముగా ప్రచురించినాడు. మద్రాసు పద్ధతి అని అది అక్కడ ప్రసిద్ధికెక్కినది. ఇప్పుడు తోటి విద్యార్థి బోధన అని, బహు ఇంద్రియ బోధన అని శిక్షణ తరగతులలో చెప్పునవి మన అరుగుల మీద పుట్టినవే. ఒక్క జాగ్రత్త: సహాయము చేసే స్నేహితుని వారము వారము మార్చవలెను, లేకుంటే స్నేహము కూలిపని అవుతుంది.

పరీక్షలో సహాయ లేఖకుడు, గంటకు ఇరువది నిమిషములకు తక్కువ కాని అదనపు సమయము ఇవ్వవలెనని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకములు 2013 నుండి చెబుతున్నాయి. ఇది పక్షపాతమని గొణిగే తల్లిదండ్రులకు నిర్గమకాండము 4:10-16 చూపవచ్చును. నోటి మాంద్యము గల మోషేకు దేవుడు ఆ మాంద్యము తీసివేయలేదు, అహరోనును ఇచ్చినాడు. పని మోషేదే.

నడువలేని బిడ్డకు బోధనా పద్ధతి మార్చనక్కరలేదు, మెట్లు మార్చవలెను. వాలుదారి అడుగు ఎత్తుకు పండ్రెండు అడుగుల పొడవు ఉండవలెనన్నది నియమము. డెల్టాలో వరద భయమున మందిరముల అరుగులు ఎత్తుగా కడతాము. మూడడుగుల అరుగుకు ముప్పది ఆరు అడుగుల వాలు కావలెను. స్థలము లేకుంటే సండే స్కూలును క్రింద చెట్టు నీడకు దించండి.

ప్రభువు బల్ల యొద్ద

వినుట వలన విశ్వాసము కలుగునని పౌలు వ్రాసిన దానిని (రోమా 10:17) పట్టుకొని, వినలేనివానికి విశ్వాసము ఎట్లని పూర్వము వాదించినవారు ఉన్నారు. మార్టిన్ లూథరు 1520లో బల్ల సంస్కారమును గురించి వ్రాసిన గ్రంథములో, చెవిటి మూగవారు సైగలతో తమ కోరికను తెలియజేస్తే వారికి నిరాకరించరాదని చెప్పినాడు. ఇది మేము బి.డి. చదివిన రోజులలో చదివినదే. పరీక్షలో జవాబు వ్రాసినాము కూడ. కాలువగట్టు సంఘములో అది జ్ఞాపకమునకు రాలేదు.

రెండు సంవత్సరముల తరువాత ఆ పాప తమ్ముడు కన్ఫర్మేషన్ తరగతికి వచ్చినాడు. అక్క వెంట వచ్చి పక్కన కూర్చునేది. మేము చెప్పుచుండగా వాడు ఇంటి సైగలతో ఆమెకు చెప్పుట గమనించినాము. ఎవరును వానికి నేర్పలేదు. తరువాతి వారము నుండి మేము పాఠము వేగము తగ్గించి, వానికి సైగ చేయుటకు వ్యవధి ఇచ్చి, బొమ్మలు, వస్తువులు తెచ్చుట మొదలుపెట్టినాము. బాప్తిస్మము పాఠమునకు బిందెలో నీళ్లు. బల్ల పాఠమునకు రొట్టె, ద్రాక్షరసము. ఆ దినమున పిల్లలను ఒక్కొక్కరిని, ఇది ఏమిటని అడిగినాము. కంఠస్థము చేసినవారు చెప్పినారు. ఆమె లేచి వచ్చి, రొట్టె తీసుకొని విరిచి, గోడ మీది సిలువను చూపి, తన గుండె మీద చేయి వేసుకొని, ఆ చేతినే చాచినది.

సంఘ పెద్దలలో ఇద్దరు అభ్యంతరము చెప్పినారు. నోటితో ఒప్పుకొననివారిని ఎట్లు చేర్చుకుంటారని. వారిని తప్పు పట్టలేము, రెండేండ్ల క్రితము మేము అన్న మాటే అది. ఆమె చేసినది వారి ఎదుట మరల చేయమని తమ్ముని చేత అడిగించినాము. చేసినది. పునరుత్థాన ఆదివారమున అక్కాతమ్ములిద్దరు కలిసి బల్ల యొద్దకు వచ్చినారు.

ఆ తరువాత ఒకనాడు ఆ తమ్ముడే మాతో అన్నాడు, "అయ్యగారూ, ప్రసంగము చెప్పేటప్పుడు మీ మొఖము మా అక్కకు కనబడదండి, వెనకాల కిటికీ ఉంది గదండీ" అని. ఆ మందిరములో ప్రసంగ వేదిక వెనుక తూర్పు కిటికీ. ఎన్నో ఏండ్లుగా ఉదయపు ఎండ మా వీపు మీదనే పడుచుండెను. వేదికను నాలుగడుగులు పక్కకు జరిపి, కిటికీకి తెర కట్టినాము.